చదరంగపు గింజల సంఖ్య - దాని కారణాంకములు

చదరంగపు బల్లపై గింజల కథ వినని విద్యార్థి మన పాఠశాలలలో ఉండడు. రాజు మెచ్చి ఏదైనను కోరుకొమ్మనగా, ఆ ఆటను కనిపెట్టిన పండితుడు మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూడవ దానికి నాలుగు, ఇట్లు గడి గడికి రెట్టింపు చేయుచు 64 గడులకు సరిపడు గింజలను ఇప్పింపుమని అడిగెను. ఇంతేనా అని రాజు నవ్వెను. లెక్క కట్టిన గణకులు మాత్రము తెల్లమొగము వేసిరి. కావలసిన గింజలు ఇవి:

1,84,46,74,40,73,70,95,51,615

మన కోట్లలో చదువవలెనన్నచో 1,84,467 కోటికోట్లు, 44,07,370 కోట్లు, 95 లక్షల 51 వేల 615. ఈ గింజలు వడ్లే అనుకొందము. వేయి వడ్లగింజలు సుమారు 25 గ్రాములు తూగును. ఆ లెక్కన టన్నుకు 4 కోట్ల గింజలు. పండితునికి ఈయవలసినది ఇంచుమించు 46,000 కోట్ల టన్నులు. ఇటీవలి సంవత్సరములలో ప్రపంచమంతటను కలిపి ఏటికి పండుచున్న వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. భూమిపై ఎవరును ఒక్క మెతుకు తినక దాచినను, రాజు బాకీ తీరుటకు ఐదారు వందల ఏండ్లు పట్టును.

సాధారణముగా కథ ఇక్కడ ముగియును, పిల్లలు ఆశ్చర్యపడుదురు, గంట కొట్టుదురు. ఒకనాడు నేనును ఇట్లే ముగించుచుండగా వెనుక బల్లపై కూర్చున్న విద్యార్థి లేచి, "మాస్టారూ, ఈ సంఖ్యను ఏయే సంఖ్యలు భాగించును?" అని అడిగెను. చివర 5 ఉన్నది కనుక 5 భాగించును. అంకెల మొత్తము 87 కనుక 3 భాగించును, 9 భాగింపదు. ఇంతవరకు నోటిలెక్కయే. 15 చేత భాగించగా 1,22,97,82,93,82,47,30,3,441 అను రూపమున ఏదో నల్లబల్లపై వ్రాసి, కామాలు తప్పినవని చెరిపి, మరల 12,29,78,29,38,24,73,03,441 అని సరిగా వ్రాసితిని. ఆ తరువాత? ఈ మిగిలిన 19 అంకెల సంఖ్యకు మన పాఠ్యపుస్తకములోని భాజనీయతా సూత్రము లేవియు చాలవు. 7, 11, 13 అని వరుసగా ప్రయత్నించుచు పోయినచో ఎక్కడ ఆగుదుమో తెలియదు.

కాని సంఖ్య ఎట్లు పుట్టినదో తెలిసినచో దాని కారణాంకములు చాలవరకు వాటంతట అవే బయటపడును. ఆ పిల్లవానికి ఆనాడు చెప్పినది, ఆనాడు గంట కొట్టుటచే చెప్పలేకపోయినది, రెండును ఈ వ్యాసములో వ్రాయుచున్నాను.

మొదట మొత్తము సంగతి. ఒక గడి వరకు గింజలు 1. రెండు గడుల వరకు 3. మూడింటి వరకు 7. నాలుగింటి వరకు 15. ప్రతిసారియు మొత్తము, రాబోవు గడిలోని గింజలకంటె ఒకటి తక్కువ. కనుక 64 గడుల మొత్తము, లేని 65వ గడిలో పోయవలసిన గింజలకంటె ఒకటి తక్కువ. అనగా 2⁶⁴ − 1.

ఇక 2⁶⁴ను లెక్కించుట. రెండును 64 మార్లు వేసి గుణించుచు కూర్చొననవసరము లేదు. ఇంతకంటె మంచి ఉపాయము మన ఛందశ్శాస్త్రములోనే కలదు. గురువు, లఘువు అని అక్షరమునకు రెండే స్థితులు కనుక, పాదమున ఇన్ని అక్షరములు గల వృత్తములు ఎన్ని ఉండగలవు అను ప్రశ్నకు జవాబు రెండు యొక్క ఘాతమే. పాదమునకు 20 అక్షరములు గల కృతి ఛందములో 10,48,576 వృత్తములు సాధ్యము; మన ఉత్పలమాల అందులో ఒకటి, మత్తేభము మరియొకటి. ఈ ఘాతమును కనుగొనుటకు పింగళుడు చెప్పిన పద్ధతి ఇది: సంఖ్య సరి అయినచో సగము చేసి "రెండు" అని గుర్తు వేయుము, బేసి అయినచో ఒకటి తీసివేసి "సున్న" అని గుర్తు వేయుము, సున్న వచ్చువరకు ఇట్లు చేసి, పిమ్మట 1తో ఆరంభించి గుర్తులను వెనుకనుండి చదువుచు, సున్న కనబడినచోట రెట్టింపు, రెండు కనబడినచోట వర్గము చేయుము.

64ను సగము చేయుచు పోగా 32, 16, 8, 4, 2, 1, పిమ్మట సున్న. అనగా ఆరు "రెండు" గుర్తులు, ఒక "సున్న". వెనుకకు వచ్చునప్పుడు ఒకసారి రెట్టింపు, ఆరు మార్లు వర్గము:

2, 4, 16, 256, 65,536, 4,29,49,67,296, 1,84,46,74,40,73,70,95,51,616.

గడి గడికి రెట్టింపు చేయుటకు బదులు ఏడు అంగలలో పని ముగిసినది. సుమారు 1000వ సంవత్సరమున అల్ బిరూనీ తన గ్రంథములో చదరంగపు గింజల మొత్తమును ఇచ్చినప్పుడు ఆయనయు గడుల సంఖ్యలను వర్గము చేయు దారినే పట్టెను.

ఈ వరుసను మరల ఒకసారి చూడుడు. ప్రతి సంఖ్య తన ముందున్న దాని వర్గము. మనకు కావలసినది చివరి సంఖ్య నుండి ఒకటి తీసివేయగా వచ్చునది. వర్గము నుండి ఒకటి తీసివేయుట అనగానే ఎనిమిదవ తరగతి విద్యార్థికి కూడ ఒక సూత్రము జ్ఞప్తికి రావలెను:

క² − 1 = (క − 1)(క + 1).

కనుక 2⁶⁴ − 1 = (2³² − 1)(2³² + 1). ఇందు మొదటి కుండలీకరణములోనిది మరల వర్గము నుండి ఒకటి తీసివేసినదే. దానిని విడదీయగా (2¹⁶ − 1)(2¹⁶ + 1). ఇట్లు మెట్టు దిగినకొలది ఒక్కొక్క "కూడిక ఒకటి" కారణాంకము బయటికి వచ్చును. క్రింది నుండి పైకి వ్రాసినచో ఇంకను తేటగా కనబడును.

4 − 1 = 3
16 − 1 = 3 × 5
256 − 1 = 3 × 5 × 17
65,536 − 1 = 3 × 5 × 17 × 257
4,29,49,67,296 − 1 = 3 × 5 × 17 × 257 × 65,537

చివరి మెట్టున, చదరంగపు సంఖ్య = 3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297.

ఒక్క భాగహారము కూడ చేయకయే 20 అంకెల సంఖ్యను ఆరు ముక్కలు చేసితిమి. ఈ ముక్కలలో ఏ రెండింటికిని సామాన్య భాజకము లేదు. ఏలననగా ప్రతి ముక్కయు తనకంటె చిన్నవగు ముక్కలన్నిటి లబ్ధమునకు 2 కలుపగా వచ్చినదే (17 = 3 × 5 + 2; 257 = 3 × 5 × 17 + 2). రెండు ముక్కలను భాగించు సంఖ్య ఏదైన ఉన్నచో అది 2ను కూడ భాగింపవలెను; అన్నియు బేసి సంఖ్యలే కనుక అది పొసగదు.

ఇక మిగిలిన ప్రశ్న: ఈ ఆరు ముక్కలును ప్రధాన సంఖ్యలేనా? అనగా 1 తప్ప, తాను తప్ప మరియొక భాజకము లేనివేనా? 3, 5, 17 సంగతి చెప్పనక్కరలేదు. 257ను 13 వరకు గల ప్రధాన సంఖ్యలచే పరీక్షించిన చాలును, అదియు ప్రధానమే. 65,537కు 256 లోపలి ప్రధానములచే పరీక్ష చేయవలెను, ఓపిక గలవాడు ఒక సాయంకాలమున ముగింపగలడు, అదియు ప్రధానమే. ఆరవది 4,29,49,67,297.

ఫ్రాన్సు దేశపు న్యాయవేత్త ఫెర్మా తీరిక వేళలలో సంఖ్యలతో కాలక్షేపము చేసినవాడు. ఆ కాలక్షేపమునుండియే నేటి సంఖ్యాశాస్త్రము చాలవరకు పుట్టినది. ఆయన 1640లో ఫ్రెనికిల్ అను మిత్రునికి వ్రాసిన లేఖలో 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అను ఈ వరుసనే పేర్కొని, ఎంత దూరము పోయినను ఇవన్నియు ప్రధాన సంఖ్యలే అని తనకు నమ్మకము కలదని చెప్పెను. తనకు పూర్తి ఉపపత్తి దొరకలేదని కూడ దాచక ఒప్పుకొనెను. 1654లో పాస్కల్‌కు వ్రాసినప్పుడును ఆ ఉపపత్తి ఇంకను చిక్కలేదు. ఈ కారణముచే ఇవి ఫెర్మా సంఖ్యలని పేరుపొందినవి. 3ను సున్నవ ఫెర్మా సంఖ్యగా లెక్కించుట వాడుక. ఆ లెక్కన మనకు చిక్కు తెచ్చిపెట్టినది ఐదవది.

ఐదు సంఖ్యలు వరుసగా ప్రధానములైనప్పుడు ఆరవది కూడ అట్లే ఉండునని తోచుట సహజము. దానిని పరీక్షించుట మాత్రము సులభము కాదు. దాని వర్గమూలము 65,536కు కొంచెము పైన. ఆ లోపల 6,542 ప్రధాన సంఖ్యలున్నవి. అన్నిటితో భాగహారములు చేయుట చేతిలెక్కకు అయ్యెడి పని కాదు.

దాదాపు తొంబదేండ్లు ఈ మాట అట్లే నిలిచిపోయినది. 1729 డిసెంబరులో గోల్డ్‌బాఖ్, అప్పటికి 22 ఏండ్ల యువకుడగు ఆయిలర్‌కు లేఖ వ్రాయుచు, ఫెర్మా చెప్పిన ఈ మాట మీకు తెలియునా అని అడిగెను. 1732లో ఆయిలర్ జవాబు ప్రకటించెను: ఐదవ ఫెర్మా సంఖ్యను 641 నిశ్శేషముగా భాగించును.

4,29,49,67,297 = 641 × 67,00,417.

ఆయిలర్ 641ను ఎట్లు పట్టుకొనెను? 3 నుండి ప్రధాన సంఖ్యలచే వరుసగా భాగించుచు వచ్చినచో 115వ భాగహారమున అది దొరకును. ఆయన అంత పని చేయలేదు. దారిని తరువాతి వ్యాసమొకదానిలో వివరించెను. అది మన విద్యార్థులకు అందనిదేమియు కాదు.

2 యొక్క ఘాతములను 17చే భాగించి శేషములను వరుసగా వ్రాయుదము. 1తో ఆరంభించి ప్రతిసారి రెట్టింపు చేయుట, 17 దాటినచో 17 తీసివేయుట, అంతే.

1, 2, 4, 8, 16, 15, 13, 9, మరల 1.

ఎనిమిది శేషములు గల గొలుసు ఇది. ఇందులో లేని 3తో ఆరంభించి చూతము:

3, 6, 12, 7, 14, 11, 5, 10, మరల 3.

ఇదియు ఎనిమిదే. 1 నుండి 16 వరకు గల శేషములన్నియు ఈ రెండు గొలుసులలో, మిగులుగాని తగులుగాని లేక, అమరినవి. ఇది యాదృచ్ఛికము కాదు. రెండు వేర్వేరు శేషములను రెట్టింపు చేయగా ఒకే శేషము రాదు. వచ్చినచో వాని భేదమును 17 భాగింపవలసి యుండును, ఆ భేదము 17కంటె చిన్నది. కనుక ఒక గొలుసు మరియొక గొలుసుతో కలియదు. రెండవ గొలుసు మొదటి దానిలోని సంఖ్యలను 3చే హెచ్చించి 17చే భాగించిన వచ్చునదే కనుక రెండింటి పొడవును సమానము. 17కు బదులు ఏ బేసి ప్రధాన సంఖ్యను తీసికొన్నను ఇదే వాదము చెల్లును. ఆ ప్రధాన సంఖ్యను "ప" అందము. ప − 1 శేషములు సమానమైన గొలుసులుగా విడిపోవును. కనుక గొలుసు పొడవు ప − 1ని నిశ్శేషముగా భాగింపవలెను.

ఇప్పుడు "ప" అను ప్రధాన సంఖ్య 2³² + 1ని భాగించునని అనుకొందము. అనగా 2³²ను "ప"చే భాగించగా శేషము ప − 1. దానిని వర్గము చేసినచో 2⁶⁴కు శేషము 1. కనుక 1తో ఆరంభించిన గొలుసు 64వ అంగలో మరల 1ని చేరుచున్నది; దాని పొడవు 64నకు భాజకము. 64 యొక్క భాజకములు 1, 2, 4, 8, 16, 32, 64. వీనిలో 64 తప్ప మిగిలినవన్నియు 32ను కూడ భాగించును. గొలుసు పొడవు వానిలో ఏదైన అయినచో 32వ అంగలోనే 1 రావలెను. కాని అక్కడ ఉన్నది ప − 1. కనుక గొలుసు పొడవు సరిగా 64. అది ప − 1ని భాగింపవలెను. ఫలితము: ఐదవ ఫెర్మా సంఖ్యను భాగించు ప్రధాన సంఖ్య ఏదైనను 64 యొక్క గుణిజమునకు ఒకటి కలిపినదై యుండవలెను.

ఇక జల్లెడ పట్టుట ఎంత తేలికయో చూడుడు. 64 గుణిజములకు ఒకటి కలుపగా వచ్చునవి 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. ఇందు 65, 385లను 5 భాగించును. 129, 321, 513లను 3 భాగించును. 257 తానే ఒక ఫెర్మా సంఖ్య. ఫెర్మా సంఖ్యలకు పరస్పరము సామాన్య భాజకములు లేవని ముందే చూచితిమి. కనుక అదియు పోయినది. మిగిలినవి 193, 449, 577, 641. మొదటి మూడింటిచే భాగించగా క్రమముగా 109, 325, 288 శేషములు వచ్చును. నాలుగవ దానికి శేషము లేదు. 115 భాగహారముల పని నాలుగింటితో తీరినది.

భాగహారము చేయకయే 641 భాగించునని చూపు చిన్న ఉపపత్తి కూడ కలదు. నాకు ఇది ఎంతయు ఇష్టమైనది. నల్లబల్లపై రెండు పంక్తులలో పట్టును. 641ను రెండు విధముల వ్రాయవచ్చును:

641 = 5⁴ + 2⁴ (625 + 16), 641 = 5 × 2⁷ + 1 (640 + 1).

మొదటిదానిని 2²⁸చే గుణించగా 5⁴ × 2²⁸ + 2³² వచ్చును. ఇది 641 యొక్క గుణిజము. 5⁴ × 2²⁸ అనునది 640 యొక్క నాలుగవ ఘాతమే. 640⁴ − 1 = (640 + 1)(640 − 1)(640² + 1) కనుక 5⁴ × 2²⁸ − 1 కూడ 641 యొక్క గుణిజము. మొదటి దాని నుండి రెండవదానిని తీసివేయుడు. 2³² + 1 మిగులును.

ఇక్కడ ఫెర్మాను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. గొలుసు పొడవు ప − 1ని భాగించునను సత్యమును మొదట చెప్పినది ఆయనయే. అదియు ఆ 1640లోనే, ఆ ఫ్రెనికిల్‌కే వ్రాసిన మరియొక లేఖలో. నేడు దానిని ఫెర్మా చిన్న సిద్ధాంతమని అందుము. అంతే కాదు. అదే సంవత్సరము 2³⁷ − 1 ప్రధానము కాదని, దానిని 223 భాగించునని మెర్సెన్‌కు తెలిపెను. దాని కారణాంకములు 74 గుణిజములకు ఒకటి కలిపినవి కావలెనని ఎరిగియే పట్టుకొనెను. ఆ వలనే తన సంఖ్యపై వేసినచో 641 నాలుగవ విసురులో పడియుండెడిది. ఏల వేయలేదో, వేసినను ఏదేని కూడికలో పొరబడెనో మనకు తెలియదు. ఆయన లేఖలను చదువునప్పుడు నాకు తోచునది మాత్రము ఇది: ఐదు ఉదాహరణములు అంత పెద్ద గణితజ్ఞుని చేత కూడ పరీక్షను మరపింపగలవు. మన విద్యార్థులు మూడు ఉదాహరణములు చూచి సూత్రము వ్రాసినప్పుడు మనము కోపపడుట న్యాయము కాదేమో.

67,00,417 ఇంకను విడిపోవునా అనునది మిగిలియున్నది. దానిని భాగించునది ఏదైనను ఐదవ ఫెర్మా సంఖ్యను కూడ భాగించును కనుక పై జల్లెడయే దీనికిని చాలును. 1878లో లూకా ఆ జల్లెడను ఇంకను సన్నము చేసి, 64కు బదులు 128 గుణిజములకు ఒకటి కలిపినవి చాలునని చూపెను. 67,00,417 యొక్క వర్గమూలము సుమారు 2,588. ఆ లోపల ఈ రూపమున ఉన్న ప్రధానములు, 257ను విడిచినచో, నాలుగే: 641, 769, 1,153, 1,409. శేషములు క్రమముగా 44, 120, 334, 622. ఒక్కటియు సున్న కాదు. కనుక అది ప్రధాన సంఖ్యయే. ఈ నాలుగు భాగహారములను విద్యార్థులు స్వయముగా చేసి చూచుట మేలు.

కావున పిల్లవాని ప్రశ్నకు పూర్తి జవాబు:

2⁶⁴ − 1 = 3 × 5 × 17 × 257 × 641 × 65,537 × 67,00,417.

ఏడు వేర్వేరు ప్రధానములు; ఏదియు రెండుసార్లు రాలేదు. ప్రతి దానిని తీసికొనుట, విడుచుట అను రెండే దారులు కనుక మొత్తము భాజకములు 2⁷, అనగా 128. గురులఘువుల లెక్కయే మరల వచ్చినది.

641 దొరకుటతో ఫెర్మా మాట పోయినది; ఫెర్మా సంఖ్యల విలువ మాత్రము పోలేదు. 1796లో, ఇంకను 19 ఏండ్లు నిండని గౌస్, 17 భుజముల క్రమ బహుభుజిని వృత్తలేఖిని, గుర్తులు లేని కొలబద్ద మాత్రముతో గీయవచ్చునని కనుగొనెను. యూక్లిడ్ కాలము నుండి త్రిభుజము, పంచభుజి, వాని నుండి వచ్చు 15 భుజములది తెలిసియుండగా, రెండు వేల ఏండ్ల తరువాత ఆ పట్టికలో చేరిన మొదటి క్రొత్త పేరు ఇది. బేసి సంఖ్యలో భుజములు గల క్రమ బహుభుజిని అట్లు గీయవలెనన్నచో, ఆ భుజముల సంఖ్య ప్రధానములగు వేర్వేరు ఫెర్మా సంఖ్యల లబ్ధము కావలెను. అట్లయిన గీయవచ్చునని గౌస్ 1801 నాటి గ్రంథములో చూపెను. లేనిచో గీయలేమనుటకు వాంట్జెల్ 1837లో ఉపపత్తి ఇచ్చెను. తెలిసిన ఫెర్మా ప్రధానములు 3, 5, 17, 257, 65,537 ఐదే. వీని నుండి ఏర్పడు లబ్ధములు 31. అందు మిక్కిలి పెద్దది ఐదింటి లబ్ధమగు 4,29,49,67,295. చదరంగపు బల్లపై మొదటి సగము, అనగా 32 గడులలోని గింజల మొత్తము ఇదియే! బల్ల సగమునకు కథలో ఏమియు లేదు. జ్యామితిలో ఇంత ఉన్నది.

ఈ రెండు సంఖ్యలును నేడు మరియొక చోట నిత్యము కనబడుచున్నవి. కంప్యూటరులో ఒక సంఖ్యకు 32 ద్వ్యంకస్థానములు కేటాయించినచో అందు ఇముడు అతి పెద్ద పూర్ణసంఖ్య 4,29,49,67,295. 64 స్థానములైనచో మన చదరంగపు సంఖ్య. రెండే స్థితులుగల గడులు ఎన్ని ఉన్నవను లెక్కయే అక్కడను.

ఇక పొరుగు సంఖ్యను కూడ పలుకరింతము. చదరంగపు సంఖ్యకు 2 కలిపినచో 2⁶⁴ + 1. అది ఆరవ ఫెర్మా సంఖ్య. చివరి అంకెలు 615కు బదులు 617, అంతే భేదము. కాని దీనిని విడదీయుటకు ఆయిలర్ తరువాత నూరేండ్లకు పైగా పట్టినది. 1880లో లాండ్రీ, తన 82వ ఏట, 2,74,177 దానిని భాగించునని ప్రకటించెను. క్లాసెన్ 1855లోనే దానిని కనుగొనెనని తరువాత బయటపడినది. 2,74,176ను 128 భాగించునో లేదో పాఠకులు చూచుకొనవచ్చును.

ఏడవ దానితో చిక్కు క్రొత్త రూపు దాల్చినది. 1877లో పెపాన్ ఒక పరీక్షను కనుగొనెను. 3ను వర్గము చేయుట, ఫెర్మా సంఖ్యచే భాగించి శేషమును ఉంచుకొనుట, దానిని మరల వర్గము చేయుట. నియమితమైనన్ని మార్లు ఇట్లు చేయగా చివరి శేషము ఆ ఫెర్మా సంఖ్యకంటె ఒకటి తక్కువైనచో అది ప్రధానము, కానిచో సంయుక్తము. 17తో చూడుడు: 3 వర్గము 9, 9 వర్గము 81, శేషము 13, 13 వర్గము 169, శేషము 16. మూడు మార్లకే తేలినది. ఈ పరీక్ష సంఖ్య విడిపోవునని చెప్పును కాని ఎట్లు విడిపోవునో చెప్పదు. ఏడవ ఫెర్మా సంఖ్య సంయుక్తమని మోర్‌హెడ్, వెస్టర్న్ 1905లో ఈ విధముగా తేల్చిరి. దాని కారణాంకములు మోరిసన్, బ్రిల్‌హార్ట్‌లకు 1970లో దొరకినవి. నడుమ 65 ఏండ్లు, అది విడిపోవునని అందరికిని తెలియును, ఒక్క ముక్కయు ఎవరి చేతిలోను లేదు.

ఐదవది మొదలు 32వ దాని వరకు అన్నియు సంయుక్తములే అని ఇప్పటికి తేలినది. ఆరవ ఫెర్మా ప్రధానము ఇంతవరకు ఎవరికిని కనబడలేదు. 24వ ఫెర్మా సంఖ్యకు 50,50,446 అంకెలు. పెపాన్ పరీక్షలో దానికి 1,67,77,215 మార్లు వర్గము చేయవలెను. కంప్యూటరులతో ఆ లెక్క 1999లో పూర్తి అయినది, చివరి శేషము కావలసినది కాలేదు, సంఖ్య సంయుక్తము. దానిని భాగించు ప్రధాన సంఖ్య ఒక్కటియు అప్పటికి తెలియదు.